మా అక్కకు మిగిలిన ఒక్క మాట

మా వీధిలో ఈ సంగతిని ఇప్పటికే తప్పుగా చెప్పుకుంటున్నారు. లైబ్రరీ మామ డిక్షనరీ తిరగేసి వాళ్లక్క ఏం అడుగుతోందో కనిపెట్టాడట, ఆ రోజు నుంచి ఆమె అన్నం తింటోందట. టీకొట్టు దగ్గర ఒకాయన నన్ను ఆపి మరీ చేయి కలిపాడు. అట్లా కాదని చెప్పబోతే, "తెలిసినవాళ్లు అట్లనే తగ్గి మాట్లాడతారు" అంటూ టీ తాగి వెళ్లిపోయాడు. అందుకే రాస్తున్నాను. డిక్షనరీ తిరగేసిన మాట నిజం. దానివల్ల మా అక్క ఒక్క ముద్ద కూడా తినలేదన్నది అంతకన్నా నిజం. తినిపించినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకు చదవడం రాదు కాబట్టి, రేపు ఎవరైనా ఈ కథను నా పేరున రాస్తే వాళ్లు దిద్దలేరు. నేనే దిద్దాలి.

నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి వరకే, మాది తమిళుల ఊరు కాబట్టి అదీ తమిళంలో. ఇంట్లో తరతరాలుగా మాట్లాడుకునేది తెలుగే అయినా దానికి అక్షరాలు ఉన్నాయన్న ధ్యాస మాకు ఉండేది కాదు. మా పెళ్లి పత్రికలు కూడా తమిళంలోనే అచ్చయ్యేవి. నేను పని చేసిన బట్టల మిల్లు మూతపడ్డాక పగటిపూట ఎక్కడ కూర్చోవాలో తెలియక లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను. ఫ్యాను కింద చోటు ఉంటుంది, తాగడానికి నీళ్లు ఉంటాయి, ఎందుకు వచ్చావని అడిగేవాళ్లు ఉండరు. అక్కడ ఒక బీరువా నిండా తెలుగు పుస్తకాలు ఉన్నాయి. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమస్తా సాయంత్రాలు ఆ బీరువా దగ్గరికి వచ్చేవాడు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. నేను "యాడ" అంటే ఆయన "ఎక్కడ" అని సరిచేసేవాడు. "యాడ అని అడిగితే పుస్తకం కనబడకుండా పోతుందా ఏంది?" అని నేను ఎదురడిగితే నవ్వేవాడు. యాభై దాటాక అ ఆలు నేర్చుకున్నవాడిని. ఆ గర్వం నాకుంది, దాచుకోను. అది నాచేత చేయించిన తెలివితక్కువ పని గురించి కూడా కింద రాస్తాను.

చదవడం వచ్చాక నాకో అలవాటు పట్టుకుంది. ఒక ఇంగ్లీషు మాటను తీసుకుని, అది మా ఊళ్లో ఎక్కడెక్కడ ఏమేం పనులు చేస్తోందో నోటుబుక్కులో రాసుకోవడం. మొదట నాకు దొరికిన మాట "సెట్టు". దానికి కారణం పరోటా. మా వీధి చివర కొట్లో ఒక సెట్టు పరోటా అంటే రెండు. పక్క వీధి హోటల్లో ఒక సెట్టు దోసె అంటే మూడు. ఇంత చిన్న దూరంలో లెక్క ఎందుకు మారిందా అని మొదలైన ఆలోచన నన్ను వదల్లేదు. బాహూరు వైపు పొలాల్లో పంపుసెట్టు. పక్కింటి మిద్దె మీద మేస్త్రీ, "ఇంకా సెట్టు కాలేదు, కాలు పెట్టొద్దు" అని అరుస్తాడు. బస్టాపులో కాలేజీ పిల్లలు "నీకే సెట్టు వచ్చింది?" అని ఒకరినొకరు అడుక్కుంటారు. అది ప్రశ్నపత్రం గురించి. ఇద్దరు ప్రేమించుకుంటే సెట్టయింది అంటారు. ఆంధ్రా నుంచి ఉద్యోగం మీద వచ్చి మా మేడ మీద అద్దెకున్నాయన మూడు నెలలకే, "ఈ ఊరి నీళ్లు నాకు సెట్ అవలేదండి" అని ఖాళీ చేశాడు.

లైబ్రరీలో పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ తీసి చూశాను. చుట్టుపక్కల మాటలన్నీ తలా రెండు మూడు వరుసల్లో ఒద్దికగా సర్దుకుంటే, ఇది పేజీల మీద కాళ్లు బార్లా చాపుకుని పడుకుంది. సూర్యుడు అస్తమించడానికీ, కాంక్రీటు గట్టిపడటానికీ, విరిగిన ఎముకను కుదురుగా కూర్చోబెట్టడానికీ, పళ్లెం పెట్టడానికీ ఒకే మాట ఎలా సరిపోయిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మాది ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు; పక్క కుర్చీలో పేపరు చదివే పెద్దాయన ఒకరు ఇంకా ఫ్రెంచి పింఛను తీసుకునేవారు. నా నోటుబుక్కులోకి తొంగిచూసి, "ఫ్రెంచిలో సెట్ అంటే ఏడు" అన్నారు. పలకడం అట్లాగే ఉంటుందట. అదీ రాసుకున్నాను. నోటుబుక్కు సగం నిండింది.

అప్పటికి మా అక్క బాగానే ఉంది. ఆమె నాకన్నా ఆరేళ్లు పెద్దది. బావ పోయినప్పటి నుంచి తెల్లవారకముందే తేంగాయితిట్టు రేవుకు పోయి, వేలంలో చేపలు కొని, గంపతో ఊళ్లో వీధులు తిరిగి అమ్మేది. కదిర్కామంలో కొడుకు ఇంట్లో ఉంటుంది. నా నోటుబుక్కు చూస్తే ఆమెకు నవ్వు. "ఏందిరా, ఒక్క మాటకి ఇన్ని పేజీలా? ఆ కాయితాలిట్ల ఇయ్యి, చేపలన్నా కట్టుకుంటా" అనేది.

ఒక ఉదయం గంప తలకెత్తుకోబోతూ అక్క కూలబడింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఆస్పత్రిలో పదో రోజున ఒకే ఒక్క మాట తిరిగి వచ్చింది. నర్సు సెలైన్ గొట్టం మారుస్తూ పక్కనున్న ఆమెతో "ఈ సెట్టు తీసేయ్" అంది. మంచం మీద నుంచి మా అక్క స్పష్టంగా, "సెట్టు" అంది.

ప్రపంచంలో ఇన్ని మాటలుంటే నా నోటుబుక్కులో ఉన్న మాటే ఆమె నోటికి వచ్చింది.

మాటల వైద్యం చేసే అమ్మాయి ఒకామె వచ్చి పరీక్ష చేసింది. నీళ్లు చూపించినా "సెట్టు", కిటికీ చూపించినా "సెట్టు", కొడుకును చూపించినా అదే. బయటికి వచ్చాక ఆ అమ్మాయి నాకు నిదానంగా చెప్పింది. ఈ జబ్బులో కొందరికి ఒక్క మాటే మిగులుతుంది, లోపల అనుకునేది ఒకటైతే నోటికి వచ్చేది అదే, కాబట్టి ఆ మాటకు అర్థం వెతకొద్దు, కళ్లను చూడండి, చేతిని చూడండి అని. నేను తల ఊపాను. కాని వినలేదు. సగం నోటుబుక్కు నిండిన మనిషి అర్థం వెతకొద్దంటే వింటాడా?

నెల తర్వాత ఇంటికి తీసుకొచ్చాక అసలు కష్టం మొదలైంది. అక్క తినడం లేదు. మింగడం వచ్చునని ఆస్పత్రిలో చూసి, ముక్కులోంచి వేసిన ట్యూబు తీసేసే పంపారు. మెత్తగా చేసి నెమ్మదిగా పెట్టమన్నారు. కోడలు గంజి కలిపి చెంచా నోటి దగ్గరికి తీసుకుపోతే, అక్క ఎడమ చేత్తో ఆ చేతిని వెనక్కి నెడుతుంది. వాకిలి వైపు చూస్తుంది. "సెట్టు" అంటుంది. మళ్లీ పెట్టబోతే కోపంగా, "సెట్టు, సెట్టు!" పొద్దున, సాయంత్రం నాలుగు చెంచాలు తాగినా మధ్యాహ్నం మాత్రం నోరు తెరవదు. మనిషి ఎండిపోతోంది. సోమవారం చూపించుకోవడానికి రమ్మన్నారు. బరువు ఇంకా తగ్గితే మళ్లీ ట్యూబు వేయక తప్పదని ముందే చెప్పారు. మొదటిసారి ఆమె దాన్ని రెండుమార్లు పీకేసింది. పీకకుండా ఎడమ చేతిని గుడ్డతో మంచానికి కట్టారు. ఆ కట్టిన చేతిని నేను చూశాను. మళ్లీ చూడలేను.

ఇంట్లో తలా ఒక అర్థం చెప్పారు. మా మేనల్లుడు మోటార్లకు వైండింగు చేస్తాడు. "బాహూరాయన పంపుసెట్టు నా దగ్గర్నే పడి ఉండాది మామా. ఇంకా ఇయ్యలేదని అమ్మకి గ్యాపకం వచ్చినట్టుంది" అని ఆ మోటారు ఆ రోజే బాగుచేసి ఇచ్చి వచ్చాడు. టీవీ సెట్టేమోనని కోడలు టీవీ తెచ్చి మంచం ఎదురుగా పెట్టింది. అక్క టీవీకి వీపు చూపించి పడుకుంది. నేను నోటుబుక్కు తెరిచి ఒక్కో అర్థమే పరీక్షకు పెట్టాను. చీర, రవిక మార్పించాను. గిన్నెలు వరసగా పేర్చి చూపించాను. మెత్తని దోసెలు తెప్పించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, సాయంత్రం ఏడు గంటలకు గంజి కలిపించి చూశాను.

"ఏడు గంటలకి ఏంది మామా విశేషం?" అన్నాడు మేనల్లుడు.

"ఫ్రెంచిలో..." అని మొదలుపెట్టాను.

"అమ్మ ఫ్రెంచి యాడ చదివింది మామా? ఫ్రెంచోళ్ల వీధిలో చేపలమ్మింది, అంతే."

అక్క మంచం మీద నుంచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నిట్టూర్చింది.

ఆ తర్వాత చేసిందే నా తెలివితక్కువ పని. వైద్యం చేసే అమ్మాయి, చూపించి అడగడానికి కార్డులు చేసుకోమంది. బొమ్మలు గానీ, ఆమె చదవగలిగిన మాటలు గానీ వేయమంది. నేను రెండు రోజులు కూర్చుని అట్ట ముక్కల మీద గుండ్రంగా, పెద్దగా తెలుగులో రాశాను. నీళ్లు, అన్నం, నొప్పి, చలి, దిండు. నా చేతిరాత ఎప్పుడూ అంత బాగా కుదరలేదు. అక్క ముందు పరిచాను. ఆమె ఒకటి తీసి, తలకిందులుగా పట్టుకుని, చాలాసేపు చూసి, నాకే ఇచ్చేసింది.

మేనల్లుడు మెల్లగా అన్నాడు. "మామా, అమ్మకి తెలుగు చదవను వచ్చునా? బస్సు బోర్డు కూడా అరవంలోనే కదా కూడబలుక్కునేది."

నిజమే. అరవై ఏళ్లకు పైగా ఆమె తెలుగు విన్నాను. ఆమెకు దాని అక్షరాలు రావన్న సంగతి ఆ రెండు రోజులూ నాకు తోచలేదు. నాకు వచ్చాయి కదా అన్న సంతోషమే అడ్డం నిలబడింది. మా ఇళ్లలో తప్ప ఈ పొరపాటు ఇంకెక్కడా జరగదేమో. సొంత భాషలో సొంత అక్కకు రాస్తే అది ఆమెకు పరాయి రాత అయింది.

అది శుక్రవారం. సోమవారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. నా నోటుబుక్కులో ఒక్క చోటు మాత్రం ఖాళీగా కనబడింది. రేవు. చేపల బేరంలో సెట్టు అంటే ఏమిటో నేను ఎప్పుడూ అడగలేదు. శనివారం పొద్దున్నే మేనల్లుడి బండి వెనక కూర్చుని తేంగాయితిట్టు పోయాను.

వేలం అయిపోవస్తోంది. మంచు పెట్టెలు వ్యాన్లలోకి ఎక్కిస్తున్నారు. అక్కతో కలిసి ఇరవై ఏళ్లుగా ఒకే ఆటోలో వచ్చిపోయే ముగ్గురు ఆడవాళ్లు గంపలు సర్దుకుంటూ కనిపించారు. ఒకామె మాలాగే తెలుగు ఇంటి మనిషి, వాళ్లలో పెద్దది. మిగతా ఇద్దరూ తమిళులే అయినా ఆమె వెంట తిరిగి తెలుగు పట్టుకున్నారు. ఆటోలో మూల సీటు దగ్గర ఒక ఖాళీ గంప బోర్లించి ఉంది. అది అక్కది. ఆమె చోటులో ఎవరూ కూర్చోకుండా రోజూ పెట్టుకుని తిరుగుతున్నారట.

నేను నోటుబుక్కు తీసి అడిగాను. ఒకామె సెట్టు అంటే ఒకే పడవ సరుకు అంది. ఇంకొకామె, కాదు, గంపా, తట్టా, కత్తీ కలిపితే సెట్టు అంది. పెద్దామె ఇద్దరినీ కసిరింది. "పొద్దున్నే పంచాయితీ ఏంది? అన్నా, ఆ బుక్కు మడిచిపెట్టు. అక్క తింటా ఉండాదా?"

లేదని చెప్పాను. చెంచా నెట్టేస్తోందనీ, మధ్యాహ్నం అసలు ముట్టదనీ, సోమవారం ట్యూబు వేస్తారనీ చెప్పాను.

"మధ్యాన్నం ఎవురెవురు కూర్చుంటారు తినను?"

"ఎవరు కూర్చుంటారు? ఆమెకొక్కతికే పెడతారు. మంచం మీదే."

పెద్దామె గంప కింద పెట్టేసింది. "ఒక్కతేనా! ఇరవై ఏండ్లలో ఆమె మధ్యాన్నం కూడు ఒక్కతే తిన్నింది నువ్వు చూసినావా అన్నా?"

చూడలేదు. నేను మిల్లులో ఉండేవాడిని, తర్వాత లైబ్రరీలో. మధ్యాహ్నాలు ఆమె ఎక్కడ తినేదో నాకు తెలియదు.

వాళ్లు చెప్పారు. నలుగురూ నాలుగు వీధులు తిరిగి, అమ్మకం అయ్యాక మార్కెట్టు వెనక మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కలుసుకుంటారు. ఎవరి గంప ముందు ఖాళీ అయితే వాళ్లు ముందు వచ్చి కూర్చుంటారు. కాని నాలుగోది వచ్చేదాకా ఎవరూ క్యారియరు మూత తియ్యరు. ఎంత ఆకలైనా సరే. ఆఖరున వచ్చినదాని కాళ్లే ఎక్కువ నొచ్చి ఉంటాయి, దాని బేరమే ఎక్కువ ఏడిపించి ఉంటుంది. అందుకని మొదటి ముద్ద దానికి, మిగతావాళ్ల చేత్తో. ఆ తర్వాతే అందరూ తినడం.

"మరి మీరు ఇంటికి ఎందుకు రాలేదు?" అన్నాను.

పెద్దామె మొహం గంటు పెట్టుకుంది. "ఆస్పత్రికి వస్తిమి. మీ మేనల్లుడే కదా, డాక్టరు ఎవురూ రావద్దన్నారు అన్నాడు. మళ్లీ రమ్మని ఎవురన్నా చెప్పినారా? పిలవని ఇంటికి చేపల వాసనతో ఎట్ల వచ్చేది?"

మేనల్లుడు బండి దగ్గర నిలబడి అంతా విన్నాడు. వచ్చి ఆమె ముందు నిలబడి, "తప్పు నాదే అత్తా. అది ఐసీయూలో ఉన్న రెండు నాళ్లకే. చెప్పను మరిచిపోయినా. రేపు రండి" అన్నాడు.

"రేపు ఆదివారం. బేరం జాస్తి. లేటవుతుంది."

"లేటైనా రండి."

ఆదివారం పన్నెండున్నరకు మొదటామె వచ్చింది. కాళ్లూ చేతులూ కడుక్కుని, అక్క మంచం పక్కన నేల మీద కూర్చుని, క్యారియరు పక్కన పెట్టుకుంది. అక్క ఆమెను చూసి నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ ఒక్క మాట కూడా రాలేదు. ఒంటిగంట దాటాక రెండో ఆమె వచ్చింది. కోడలు నన్ను వంటింట్లోకి పిలిచి, "చిన్నమామా, పొద్దున్నించి రెండు చెంచాలే. ఇప్పుడన్నా పెట్టేస్తాను" అంది. ఆగమన్నాను. నాకు భయంగానే ఉంది. నా లెక్క మళ్లీ తప్పితే రేపు ట్యూబే.

రెండుంబావుకు పెద్దామె చెమటతో వచ్చింది. నేల మీద ఉన్న ఇద్దరూ ఆమెకు చోటిచ్చి మూతలు తీశారు. ఒకామె రసం అన్నం మెత్తగా పిసికి ముద్ద చేసి, అలవాటు ప్రకారం పెద్దామె నోటికి అందించబోయింది. పెద్దామె ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"నేనా ఆఖరు? చూడండే. కడాసిగా వచ్చింది ఈయమ్మ. నలభై నాళ్లు లేటు!"

ముగ్గురూ మంచం వైపు తిరిగారు. కోడలు వెనక నుంచి అక్కను నిటారుగా కూర్చోబెట్టి పట్టుకుంది. పెద్దామె ఆ ముద్దలో చిటికెడంత తీసి అక్క నోటి దగ్గర పెట్టింది. అక్క ఆ చేతిని నెట్టలేదు. ముందు మొదటామె మొహం చూసింది, తర్వాత రెండో ఆమెది, తర్వాత పెద్దామెది. ఎవరూ తక్కువ లేరని చూసుకున్నాక నోరు తెరిచింది. నెమ్మదిగా నమిలింది. మింగింది. మళ్లీ తెరిచింది.

"మెల్లిగా తినవే, ఎవురూ లాక్కోరు" అని పెద్దామె కసిరింది. అక్క పెదవి ఒక పక్కకు వంకరగా లేచింది. అది నవ్వు. కోడలు కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక నా వైపు చూసింది.

వారం పొడుగునా అక్క కోడలి చెంచాను నెట్టింది ఆమె మీద కోపంతో కాదని నాకు అప్పుడు తట్టింది. ఆగు, ఇంకా అందరూ రాలేదు అని కావచ్చు. నువ్వు కూడా తిను అని కావచ్చు. వైద్యం చేసే అమ్మాయి చేతిని చూడమన్నది ఇందుకే.

సోమవారం బరువు చూసి, ఆదివారం తిన్న సంగతి విని, ఇట్లాగే తింటే ట్యూబు అవసరం లేదన్నారు. వైద్యం చేసే అమ్మాయి సంతోషపడి ఏం చేశారని అడిగింది. మా మేనల్లుడు నా మీద ప్రేమ కొద్దీ, "మా మామ బుక్కులు చదివి కనిపెట్టినాడు" అనేశాడు. వీధిలోకి వచ్చిన కథ ఆ నోటి నుంచే మొదలైంది. ఇప్పుడు ఇంట్లో మధ్యాహ్నం కోడలు, నేను, లేదా ఎవరు ఉంటే వాళ్లు మంచం పక్కన కంచం పెట్టుకుని కూర్చుంటాం. ఆదివారాలు ఆ ముగ్గురూ వస్తారు. అక్క అరకొరగానైనా తింటోంది.

ఇదంతా విన్నవాళ్లు, అయితే సెట్టు అంటే వాళ్ల ముగ్గురేనా, తన జట్టునే అడిగిందా అంటారు. నాకూ అట్లా రాసుకోవాలని ఉంది. కాని వాళ్లు వచ్చిపోయిన సాయంత్రమే అక్క నీళ్లను చూసి "సెట్టు" అంది. కిటికీలో కాకిని చూసి "సెట్టు" అంది. మొన్న నోటుబుక్కు చూపించి, "అక్కా, నువ్వు అడిగింది వాళ్లనేనా?" అన్నాను. ఆమె ఎడమ చేత్తో ఒక కాయితం చించబోయి, చేతకాక, నా వైపు చూసి "సెట్టు" అంది. చేపలు కట్టుకుంటానన్నప్పటి నవ్వే అది. అర్థం అనే చోట ఆ పేజీ ఖాళీగానే ఉంచాను.

ఇక ఒప్పుకోవలసిన రుణాలు. పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు కాబట్టి, నేను పిలిచే పిలుపులతోనే చెబుతున్నాను. అక్షరాలు దిద్దించిన యానాం గుమస్తా గారికి, ఏడు అని చెప్పిన పింఛను పెద్దాయనకు, నేను వినకపోయినా విసుక్కోకుండా చెప్పిన వైద్యం అమ్మాయికి, తన మరుపును అందరి ముందూ ఒప్పుకున్న మా మేనల్లుడికి, వీపు నొప్పితోనూ అత్తను నిటారుగా పట్టుకున్న కోడలికి, ఆటోలో అక్క చోటును ఖాళీగా ఉంచిన పెద్ద చెల్లికి, రసం ముద్ద కలిపిన నడిపి చెల్లికి, ఎండలో మొదట వచ్చి ఆకలితో ఆగిన చిన్న చెల్లికి దండాలు. అందరికన్నా చివర మా అక్కకు. చివర వచ్చినవాళ్లకే మొదటి ముద్ద కదా.